ఎవరింట్లో ఏ పుస్తకం

పుల్లయ్య దొంగ. మా ఆవిడ మాణిక్యమ్మ పుస్తకం పట్టుకుపోయాడు. పదకొండేళ్లయింది, తిరిగివ్వలేదు. మా వసారాలోంచి చంకన పెట్టుకుని దర్జాగా వెళ్ళడం నా కళ్ళతో చూశాను. మూడు నెలలకు ఆమె పోయింది. పుస్తకం మాత్రం రాలేదు. అప్పటినుంచి వాడికీ నాకూ మాటల్లేవు.

అది కొట్లో కొన్న పుస్తకం కాదు. వారపత్రికలో వచ్చే సీరియల్ని వారం వారం చింపి దాచి, అయిపోయాక హనుమాన్ జంక్షన్‌లో అట్టవేయించి కుట్టించిన బైండు. ఒకప్పుడు మా ఊళ్ళో చదవడం వచ్చిన ప్రతి ఇంట్లోనూ అలాంటివి రెండో మూడో ఉండేవి.

మా అమ్మాయి కనకలక్ష్మి లైబ్రరీ సైన్సు చదివింది. నేను ఊరి బళ్ళో ఏడో తరగతి. పుస్తకాలు సర్దడానికి అన్నేళ్ల చదువెందుకో నాకు అర్థం కాలేదు. అడగనూ లేదు. ఇరవై రెండు చోట్ల దరఖాస్తు పెట్టింది. ఒక్కరూ పలకలేదు.

తనతో చదివిన ఏంజెల్‌కి మంగళగిరిలో ఒక స్కూల్లో ఉద్యోగం వచ్చింది. ఆ పిల్ల ఫోన్లో చెప్పిందట, సర్టిఫికెట్లు అందరివీ ఒకేలా ఉంటాయని, తన పేరున ఒక వెబ్‌సైటు పెట్టుకుని చేసిన పని అందులో చూపించమని, దరఖాస్తు మీద దాని అడ్రసు రాయమని. మా అమ్మాయి రెండు రోజుల్లో పెట్టేసింది. ఫొటో, చదువు, ఫోన్ నంబరు. నేను చూసి గోత్రం కూడా రాయమన్నాను. ఇది పెళ్ళిచూపులకు కాదు నాన్నా అంది. ‘చేసిన పని’ అని ఒక పేజీ ఖాళీగా ఉంది. ఉద్యోగం ఇస్తే కదా పని చేసేది. పని చూపిస్తే కదా వాళ్ళిచ్చేది.

మర్నాడు పొద్దున్నే నోటుపుస్తకం, ఫోను పట్టుకుని బయల్దేరింది. ఊళ్ళో ఎవరింట్లో ఏ పుస్తకముందో జాబితా రాస్తానంది. ఊరంతా ఒక లైబ్రరీ అనుకుంటే ఇళ్ళన్నీ అరలట.

మా ఊళ్ళో నోటుపుస్తకంతో గుమ్మంలోకి వచ్చి పేరడిగిన మనిషి పథకం కోసమే వస్తాడు. ఇంకొకటి ఎవరికీ తెలియదు. మొదటి ఇంట్లోనే రేషన్ కార్డు జిరాక్సు చేతిలో పెట్టారు. రెండో ఇంట్లో వేలిముద్ర ఎక్కడ వెయ్యాలని అడిగారు. మా అమ్మాయి కాదు కాదన్న కొద్దీ నమ్మకం గట్టిపడింది. పుస్తకాలు ఎక్కువున్న ఇంటికి ఏదో ఇస్తారని పుకారు పుట్టింది. మిక్సీ అని మా వీధిలో తెరేసమ్మ చెప్పింది. సాయంత్రానికి అది ఫ్రిజ్ అయింది.

ఇక పుస్తకమన్నది ఉన్నచోట ఉండలేదు. తెరేసమ్మ గుడివాడలో చెల్లెలింటికి వెళ్ళి గోనెసంచితో దిగింది. ఒకాయన పాత టెలిఫోను డైరెక్టరీలు, విత్తనాల కంపెనీ క్యాలెండర్లు బల్లమీద పరిచాడు. పదో తరగతి గైడ్లకు కొత్త అట్టలు పడ్డాయి. ఒక ఊరగాయల పుస్తకం సోమవారం ఒకింట్లో, మంగళవారం పక్కింట్లో, బుధవారం చెరువుగట్టు మీద ఇంట్లో కనిపించింది. మూడుచోట్లా మాగాయ పేజీ మీద అదే పసుపు మరక.

ఇంకో పిల్లయితే ఏడ్చేది. ఇది మూడు రోజులు నవ్వింది. అన్నం తింటూ నవ్వింది, బట్టలారేస్తూ నవ్వింది. తర్వాత జాబితాలో ఇంకో గడి గీసింది. ఉన్న ఇల్లు ఒక గడి, సొంతదారు ఒక గడి. ఏ పుస్తకం ఎవరిదో అట్టలు తిప్పి, సంతకాలు చూసి, పదిమందిని అడిగి తేల్చింది. అంతా వెబ్‌సైటులో పెట్టేసింది, పసుపు మరక ఫొటోతో సహా. దాని అడ్రసు రాసి ఆ ఇరవై రెండు చోట్లకూ మళ్ళీ దరఖాస్తు పంపింది.

ఊరు తలకిందులైంది. ప్రతివాడూ ఫోన్లో పక్కవాడి పేరు వెతికాడు, తన పేరు చూసి నాలిక్కరుచుకున్నాడు. పొద్దస్తమానం వీధుల్లో పుస్తకాలు నడిచాయి. పెళ్ళినాడు తీసుకున్న పుస్తకాన్ని కూతురి పెళ్ళయ్యాక తెచ్చిచ్చిన మనిషిని చూశాను. ఒకావిడ పులిహోర గిన్నె మీద పెట్టి మరీ తెచ్చింది. తిట్టుకుని, నవ్వుకుని, కాఫీలు తాగారు. ఫ్రిజ్ సంగతి ఎవరికీ గుర్తులేదు.

నాకు చాలా సంతోషంగా ఉంది. నా కేసొకటి మిగిలింది. పుల్లయ్య పేరు రాశావా అని అడిగాను. చూడందే రాయనంది. వాడింటికి వెళ్ళింది, బైండు చూసింది, వచ్చింది. ఇళ్ళన్నీ అయిపోయాయి, మనిల్లొక్కటే మిగిలిందని బీరువా తాళాలు అడిగింది. ఆ బీరువా పై అర నేను తెరవను, ఎవరినీ తెరవనివ్వను. కానీ తాళాలు ఇచ్చాను. పుల్లయ్యని పట్టుకోవాలన్న తొందరలో ఇచ్చాను.

మాణిక్యమ్మ మంగళగిరి చీర కింద ఒక బైండు ఉంది. రెండో భాగం. మొదటి పేజీలో ఆమె చేతిరాత: ‘పుల్లయ్య అన్నయ్యది. చదివి ఇవ్వాలి.’ సగం దాటాక ఒక బస్సు టికెట్టు గుర్తుగా పెట్టి ఉంది.

వాడు ఆ రోజు రెండో భాగం ఇచ్చి, తన మొదటి భాగం తాను తీసుకుపోయాడు. నేను పోవడమే చూశాను.

కనకలక్ష్మి అది కూడా ఎక్కించింది. ఉన్న ఇల్లు: వెంకటప్పయ్య. సొంతదారు: పుల్లయ్య.

ఆ సాయంత్రమే విజయవాడ నుంచి ఫోను. ఒక కాలేజీ ప్రిన్సిపాల్, జ్ఞానప్రసూనాంబ గారట. గురువారం ఇంటర్వ్యూకి రమ్మంది. ఇరవై రెండు దరఖాస్తులకు ఇదొక్కటే జవాబు. ఆవిడ వెబ్‌సైటు మొత్తం చదివిందని, ఊరగాయల పుస్తకం దగ్గర నవ్వాపుకోలేకపోయిందని చెప్పి మా అమ్మాయి మంచం మీద గంతులేసింది. మంచం పట్టె విరిగింది.

మొత్తం చదివిందంటే నా పేరున్న లైను కూడా చదివే ఉంటుంది.

“ఆ ఒక్క లైను తీసేయ్,” అన్నాను.

“తీస్తే తెరేసమ్మ పిన్నిది కూడా తియ్యాలి. అందరివీ తియ్యాలి. ఇంకేం చూపించను వాళ్ళకి?”

“అయ్య దొంగ అని చూపిస్తావా?”

“దొంగ అని ఎక్కడుంది నాన్నా? ఉన్న ఇల్లు, సొంతదారు. అంతే ఉంది. దొంగ అనేది మీరు.”

తీయలేదు.

గురువారం నేనూ వెళ్ళాను. ఆ లైను వల్ల ఉద్యోగం పోతే అక్కడే నాలుగు మాటలతో కడిగి రావాలని. బెంజ్ సర్కిల్‌లో బస్సు దిగి ఆటో ఎక్కాం. కాలేజీ వరండాలో బెంచీ మీద కూర్చున్నాను. మొత్తం నలుగురొచ్చారు. ముందు వెళ్ళిన ముగ్గురున్నంతసేపూ గదిలోంచి చప్పుడు లేదు. మా అమ్మాయి వెళ్ళిన ఐదు నిమిషాలకు నవ్వులు మొదలయ్యాయి. ఒకరు కాదు, నలుగురైదుగురు. ఎవర్ని చూసి నవ్వుతున్నారో నాకు తెలుసు. కండువా సర్దుకుని లేచాను.

తలుపు తీసుకుని ప్రిన్సిపాల్ ఆవిడే బయటికొచ్చింది. కళ్ళు తుడుచుకుంటోంది.

“వెంకటప్పయ్య గారంటే మీరేనాండీ?”

“నేనేనండి.”

“పుల్లయ్య గారి పుస్తకం ఇచ్చేశారా?”

“ఇంకా లేదండి.”

“త్వరగా ఇచ్చేయండి. సొంత తండ్రినే వదల్లేదు మీ అమ్మాయి. ఒకటో తారీఖున ఇక్కడ చేరుతోంది. ఆలోపు ఆ గడి ఖాళీ అవ్వాలి. మా లెక్చరర్ల దగ్గర తిరిగిరాని లైబ్రరీ పుస్తకాలు నాలుగొందలున్నాయి, వాళ్ళకి మిమ్మల్నే చూపించాలి.”

కడగాలనుకున్న మాటలన్నీ మర్చిపోయాను. నమస్కారం పెట్టాను. రెండుసార్లు పెట్టాననుకుంటా.

తిరిగొస్తుంటే బెంజ్ సర్కిల్ దగ్గర సిగ్నల్ పడింది. ఆటోలో మా అమ్మాయి నన్ను చూసింది, నేను దాన్ని చూశాను. నవ్వొచ్చింది. ఆపుకోలేకపోయాం. ఆటో అతనికి ఎందుకో తెలియదు, అతనూ నవ్వాడు. పచ్చ లైటు వచ్చి పోయింది, మేం కదలలేదు. వెనక హారన్లు మోగించారు. మోగించుకోనీ.

ఊళ్ళో దిగి, బైండు తీసుకుని తిన్నగా పుల్లయ్య గుమ్మంలోకి వెళ్ళాను. వాడు వక్క కత్తిరిస్తున్నాడు. పుస్తకం ముందు పెట్టాను.

“పదకొండేళ్లు ఎందుకడగలేదు?”

“చెల్లెమ్మ సగంలో ఉంది కదా బావా. అయ్యాక తనే ఇస్తుందనుకున్నా.” వక్క నోట్లో వేసుకున్నాడు. “ఆ తర్వాత నువ్వు అడగనిచ్చే మనిషివా?”

బావా అన్న పిలుపు విని పదకొండేళ్లయింది. వాడు పేజీలు తిప్పాడు, టికెట్టు చూశాడు, తీయలేదు. పుస్తకం మూసి నా ఒళ్ళో పెట్టాడు.

“ఒకటో తారీఖు దాకా టైముందంటగా, మీ అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. ఇక్కణ్ణించి నువ్వు చదివి ఇవ్వు.”

తొమ్మిది రోజుల్లో చదివాను. ముగింపు బాగాలేదు. తీసుకెళ్ళి ఇచ్చేశాను, టికెట్టు మాత్రం ఉంచుకున్నాను. మా అమ్మాయి ఆ గడి మార్చింది, ఒకటో తారీఖున ఉద్యోగంలో చేరింది.

పుల్లయ్య దొంగ కాదు. ఈ మాట ఒక్కసారే అంటాను. మళ్ళీ ఈ సంగతి నా దగ్గర ఎవరూ ఎత్తొద్దు. ఎత్తినా నేను మాట్లాడను.