పన్నెండులో మొదటిది

ఫిల్ము కడిగే డబ్బా తలకిందులు చేసి, మళ్ళీ నిలబెట్టి, అడుగున అరచేత్తో తట్టాను. లోపల బుడగలుంటే పోతాయి. నిమిషానికి పది సెకన్లు ఇలా తిప్పాలి, తక్కిన యాభై సెకన్లు ఊరికే కూర్చోవాలి. ఈ ఇంట్లో నేను ఊరికే కూర్చునేది స్నానాలగదిలో, ఈ ప్లాస్టిక్ పీట మీద, ఆ యాభై సెకన్లే. సరిగ్గా అప్పుడే అత్తగారికి నేను గుర్తొస్తాను.

"అమ్మాయ్, టీ పెట్టావా?"

"నాలుగు నిమిషాలత్తయ్యా. మందులో ఉంది."

"ఆ కడుగుడేదో తర్వాత కడుక్కోవచ్చుగా. పిల్ల అలిసిపోయి వచ్చింది."

పిల్లంటే మా ఆడపడుచు. ఇరవై నాలుగేళ్ళు. ఇంట్లో అందరికీ చిన్నది. పొద్దున్న అన్నాచెల్లెళ్ళిద్దరూ చెరో కెమెరా తగిలించుకుని వెళ్ళి ఇప్పుడే వచ్చారు. మీట నొక్కీ నొక్కీ అలిసిపోయింది కాబోలు. వీళ్ళు వెళ్ళాక నేను దుప్పట్లు ఉతికి, నేల తుడిచి, వంట చేశాను. ఈ ఇంట్లో అలసటని కూడా మనిషిని చూసే పంచుతారు.

మా ఆయనది పాతకాలపు రెండు కళ్ళ కెమెరా. ఒకదాని మీద ఒకటి రెండు అద్దాలుంటాయి. పై మూత తెరిచి, పొట్ట దగ్గర పట్టుకుని, నూతిలోకి తొంగిచూసినట్టు వంగి చూడాలి. ఫిల్ము వెడల్పుగా, వెనక కాగితంతో చుట్టలా వస్తుంది. చుట్టకి పన్నెండే బొమ్మలు. ఆ చుట్టని కెమెరాలో ఎక్కించేది నేను. తీసుకొచ్చాక తలుపు కింద తువ్వాలు కుక్కి, చీకట్లో తడుముకుంటూ డబ్బాలో పెట్టేది నేను. మందులు కలపడం, కడగడం, బట్టల క్లిప్పులు పెట్టి ఆరేయడం, కత్తిరించి కవర్లలో సర్దడం అన్నీ నేనే. బడిలో మాస్టారు నా చెయ్యి పట్టుకుని పలక మీద దిద్దించిన పుణ్యానికి నా రాత గుండ్రంగా ఉంటుంది కాబట్టి, ప్రింట్ల వెనక ఆయన పేరు రాసేదీ నేనే. ఫొటోల క్లబ్బులో మాత్రం, "అన్నీ ఇంట్లోనే చేసుకుంటానండీ" అంటారు. అబద్ధం కాదు. ఇంట్లోనే అవుతాయి.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి అడిగాను, "నేనూ ఒకటి తియ్యనా?" అని. "పన్నెండే కదోయ్ ఉండేది. నేర్చుకోడానికి పాడుచేస్తే ఎలా?" అన్నారు. న్యాయంగానే అనిపించింది. అయిదేళ్ళపాటు అనిపిస్తూనే ఉంది. పోయిన నెల చిన్నదాని పుట్టినరోజుకి ఆయన ఇంకో రకం కెమెరా తెచ్చి ఇచ్చారు. మీట నొక్కగానే ముందు నుంచి నాలుక చాపినట్టు ఫొటో బయటికొస్తుంది. తెల్లగా ఉన్న కాగితం మీద కాసేపటికి మనుషులు తేలుతారు. అది చాలదన్నట్టు, ఆ సాయంత్రమే తన కెమెరా కూడా చెల్లెలి మెడలో ఆయనే తగిలించారు. "ఊపిరి బిగబట్టి నొక్కు. పోతే పోనీ, ఫిల్మే కదా!" అన్నారు. అప్పుడు నేను సింకు దగ్గర ఉన్నాను. చేతుల నిండా సబ్బు. పోతే పోనీ అన్న మాట ఆయన నోట నేను వినడం అదే మొదలు. గ్లాసు పగిలినప్పుడు కూడా నాతో అనలేదు.

అప్పటినుంచీ నాకు కడుపులో మంట. దాచుకుని లాభం లేదు. చిన్నది తీసిన ఫొటోలు ఫ్రిజ్ నిండా ఉన్నాయి. ఒకదాంట్లో తల్లీ కొడుకూ నవ్వుతుంటారు, అంచున కంచం పట్టుకున్న నా మోచెయ్యి ఉంటుంది. "దాని చేతిలో కళ ఉందే అమ్మాయ్" అంటారు అత్తగారు, కూరలు తీయడానికి ఫ్రిజ్ తలుపు తెరిచినప్పుడల్లా. అసలు మంట ఏమిటంటే, నిజంగానే ఉంది. ఇంకోదాంట్లో అత్తగారు కళ్ళజోడు తీసి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వుతున్నారు. ఆ మనిషి అలా నవ్వుతారని ఇన్నేళ్ళలో నాకు తెలియదు. ఒక మధ్యాహ్నం ఆ ఫొటోని తీసి ఎండ పడే వైపుకి జరిపాను. రోజూ ఎండ తగిలితే బొమ్మ పాలిపోతుందని నాకు తెలుసు. తెలిసే జరిపాను. ఇంకా అక్కడే ఉంది.

నిన్న శనివారం ఆయన ఆఫీసుకి వెళ్ళాక, ఈరోజుకి కావాలని కొత్త చుట్ట ఎక్కించాను. వెనక ఎర్ర కిటికీలో ఒకటో అంకె కనపడేదాకా తిప్పాను. బల్ల మీద పెట్టేయాలి. పెట్టలేదు. స్నానాలగదిలోకి తీసుకెళ్ళి, వెంటిలేటర్ వెలుతురు మొహాన పడేలా అద్దం ముందు నిలబడి, మూత తెరిచి వంగి చూశాను. ఈ కెమెరాలో కుడి ఎడమలు తారుమారుగా కనిపిస్తాయి. అద్దంలో తారుమారైనది ఇందులో ఇంకోసారి తారుమారై సరిగ్గా నిలబడింది. అందరూ నన్ను చూసేది ఇలాగన్నమాట. పుట్టుమచ్చ అటుంది. ఎవరో తెలిసిన మనిషిని వీధిలో చూసినట్టు చూస్తూ ఉండిపోయాను. తర్వాత కుళాయి గట్టుకి మోచేతులు ఆనించి నొక్కాను.

అప్పుడే అత్తగారి కేక. "అమ్మాయ్! పాలు పొంగుతున్నాయి, ఎక్కడ చచ్చావే?" పరిగెత్తాను. ఆయనకి పదకొండు బొమ్మలే వస్తే ఏం చెప్పాలో కూడా ముందే అనుకుని పెట్టుకున్నాను. కానీ ఆ కంగారులో ఫిల్ముని రెండో అంకెకి తిప్పడం మర్చిపోయాను. తిప్పకపోయినా ఈ పాత కెమెరా ఆపదు, దాని మీదే ఇంకో బొమ్మ వేస్తుంది.

ఆ సంగతి ఇప్పుడు, మందులయ్యాక, తడి ఫిల్ముని వెలుతురుకి ఎత్తినప్పుడు తెలిసింది. మొదటి బొమ్మలో చిన్నది వంతెన కింద నల్లకోటు వేసుకుని నిలబడి ఉంది. పక్కనున్న చీకట్లోంచి తల వంచుకుని నేను. నాకని నేను తీసుకున్నది ఒక్కటే ఒక్కటి, అందులోకీ వచ్చి నిలబడింది. గోరుతో గీకేద్దామనుకున్నాను. తడి ఫిల్ము మీద గోరు చాలు. చెయ్యి రాలేదు. క్లిప్పు పెట్టి ఆరేసి, వెళ్ళి టీ పెట్టాను.

సాయంత్రం ఆయన దాన్ని దీపానికి పట్టుకుని చాలాసేపు చూశారు. "నిన్నెప్పుడు తీశానోయ్ నేను?"

నేను గిన్నెలు సర్దుతున్నాను. గిన్నె మీద గిన్నె బోర్లించాను.

"కెమెరా పరీక్ష చేసినప్పుడు పడి ఉంటుందిలే," అని ఆయనే చెప్పుకున్నారు. బుధవారానికి పెద్ద ప్రింటు వేయించారు. గురువారానికి అది ఆయన ఆలోచన. శుక్రవారం ఫోనులో ఎవరితోనో, "రెండు నెలల్నించీ బుర్రలో తిరుగుతోందండీ" అంటున్నారు.

మళ్ళీ ఆదివారం క్లబ్బు పెద్దాయన ఇంటికొచ్చారు. ప్రదర్శనకి బొమ్మలు ఏరేది ఆయనే. రిటైరైన మాస్టారు, జేబులో భూతద్దంతో తిరుగుతారు. బల్ల మీద పరిచిన ప్రింట్లన్నీ పక్కకి నెట్టి దీని దగ్గర ఆగారు.

"ఇదెలా తీశావయ్యా?"

"ముందు ఇంట్లో మా ఆవిణ్ణి తీశానండి. ఫిల్ము తిప్పకుండా అట్టేపెట్టి, మర్నాడు వంతెన దగ్గర మా చెల్లెల్ని. ‘ఆడవాళ్ళు’ అని పేరు పెడదామనుకుంటున్నాను."

"మా వాడికి చిన్నప్పట్నించీ అన్నీ పెద్ద పెద్ద ఆలోచనలేనండీ," అన్నారు అత్తగారు, బిస్కెట్ల పళ్ళెం ముందుకి జరుపుతూ.

"బాగుంది. ఇది పంపుదాం. వెనక పేరు రాసివ్వు."

"ఏమోయ్, నువ్వు రాయి. నీ రాత బాగుంటుంది."

ప్రింటు తిరగేసుకుందామని చేతిలోకి తీసుకున్నాను. చిన్నది నా భుజం మీంచి వంగి, తనెలా పడిందో చూసుకుంటోంది. మొహం చూసుకుంది, జుట్టు చూసుకుంది, కోటు దగ్గరికొచ్చి ఆగిపోయింది. కనుబొమలు దగ్గరికొచ్చాయి. ఒకసారి నా వైపు చూసి, "అన్నయ్యా..." అంది.

ఏం చెప్పబోతోందో నాకు తెలుసు. చెడ్డది కాదు చిన్నది, అదే నా బాధ. చెప్పేస్తుంది. చెబితే, చూసింది తనే అవుతుంది. "మా చిన్నదాని కన్ను అలాంటిది, వదిన పక్షాన ఎలా మాట్లాడిందో చూడు" అంటారు అత్తగారు. కెమెరాలు తనవయ్యాయి, ఆదివారాలు తనవయ్యాయి, పోతే పోనీ అన్న మాట తనదైంది. ఈ ఒక్కటీ తనకి దక్కనివ్వదలచుకోలేదు.

"కోటు మీద చూడండి," అని పెద్దాయన ముందు పెట్టాను. "కెమెరా ఎవరి చేతుల్లో ఉంది?"

ఆయన భూతద్దం కిందికి జరిపారు. చిన్నదాని నల్లకోటు మధ్యలో నా పది వేళ్ళు, వాటి మధ్య ఒకదాని మీద ఒకటి రెండు కళ్ళు. అద్దంలో తనని తను తీసుకుంటున్న కెమెరా. వారం రోజులు ఆ బొమ్మని చూసి మా ఆయన చూడనిది అదొక్కటే.

"ఏం కెమెరా? ఎవరి చేతుల్లో ఏమిటే?" అన్నారు అత్తగారు.

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. మా ఆయన్ని కాదు, నన్ను అడిగారు. "స్పీడెంత పెట్టావమ్మా?"

"సెకనులో పదిహేనో వంతండి. కదలకుండా కుళాయి గట్టుకి మోచేతులు ఆనించాను." భూతద్దం కింద నా వేళ్ళని చూపించాను. "తర్వాత ఫిల్ము తిప్పడం మర్చిపోయాను. అది నా పొరపాటే."

"అవునా వదినా?" అంది చిన్నది. చెయ్యి బల్ల మీది కెమెరా వైపు చాపింది. నేను కెమెరాని నా వైపు జరుపుకున్నాను.

ప్రింటు తిరగేసి, కలం మూత తీసి, పలక మీద దిద్దినంత నిదానంగా నా పేరు రాశాను. దాని కింద ఇంకో పేరుకి చోటు వదిలి, కలం మా ఆయన ముందు పెట్టాను. ఆయన ఆ ఖాళీ చోటుని చూశారు. కలం ముట్టుకోలేదు. లేచి, గుమ్మం దగ్గర చెప్పుల్లో కాళ్ళు దూర్చి, ఆదివారం పూట మెడలో కెమెరా లేకుండా వెళ్ళిపోయారు.