కొళాయి పిల్ల

ఆ పిల్లకు ఇంట్లో పెట్టిన పేరు వేరే ఉంది. శిక్షణలో చేరిన కొద్ది రోజులకే దాన్ని అందరూ మరిచిపోయి కొళాయి అనడం మొదలుపెట్టారు. మోచేతి మడతలో సూది పెడితే చాలు, కొళాయి తిప్పినట్టు రక్తం వచ్చేది మరి. ఆ పేరుతో పిలిస్తే ఆ పిల్ల చక్కగా పలికేది, పైగా మురిసిపోయేది కూడా. ఆ మురిసిపోవడమే ఆమె కొంప ముంచింది.

పరుపుల దుకాణం మీద రెండు గదులు. కింద దూది దుమ్ము, పైన స్పిరిట్ వాసన. ఆ రెండు గదులకు గోడంత బోర్డు తగిలించి, డాక్టర్ల దగ్గర సహాయకులుగా చేరేందుకు కావలసిన చేతిపని అంతా ఇక్కడ నేర్పుతామని రాయించారు. బీపీ చూడటం, కట్లు కట్టడం, ఇంజెక్షన్ చేయడం, అన్నిటికన్నా ముఖ్యంగా రక్తం తీయడం. నేర్పేది ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఆవిడ. అందరూ సిస్టర్ అనేవారు. సిస్టర్ చెడ్డమనిషేం కాదు. ఆవిడ చెడ్డమనిషైతే కనీసం తిట్టుకోవడానికైనా వీలుండేది.

రక్తం తీయడం నేర్పాలంటే ముందు రబ్బరు చెయ్యి మీద నేర్పాలి. అదీ ఉంది, బీరువాలో. లోపల సన్నటి గొట్టాలు, వాటిలో ఎర్రనీళ్ళు పోసే ఏర్పాటు. అయితే ఎన్ని బ్యాచ్‌ల పిల్లలు పొడిచారో గానీ దాని తోలు జల్లెడైపోయింది. నీళ్ళు పోస్తే సూది పెట్టకముందే బల్లంతా ఎర్రగా తడిసేది. కొత్తది కొనమని సిస్టర్ అడిగితే యజమాని నవ్వాడట. "ఇంతమంది పిల్లలున్నారు, ఇన్ని చేతులున్నాయి, మళ్ళీ రబ్బరెందుకు సిస్టర్?" అన్నాడట. అనడానికేం, పొడిపించుకునేది ఆయన కాదు కదా.

అందుకని పిల్లలనే జతలు కట్టారు. జతలో ఒకరు చెయ్యి చాపితే ఇంకొకరు తీస్తారు, తర్వాత మారతారు. కొళాయికి జతగా బొద్దు వచ్చింది. మనిషి కాస్త ఒళ్ళు చేసి ఉండేది కాబట్టి ఆ పేరు ఆ పిల్ల తనకు తనే నవ్వుతూ పెట్టుకుంది. బొద్దు చేతిలో నరం పైకి కనిపించదు. రబ్బరు పట్టీ ఎంత బిగించి కట్టినా, పిడికిలి ఎన్నిసార్లు మూసి తెరిచినా, లోపలెక్కడో దాక్కునేది. కొళాయి చేతిలో మాత్రం పట్టీ కట్టకముందే నీలంగా, లావుగా తేలి ఉండేది.

మొదటి రోజే సిస్టర్ ఆ చెయ్యి పట్టుకుని కిటికీ వెలుతురులోకి తిప్పింది. "ఒసేయ్ పిల్లలూ, ఇలా రండి. నా సర్వీసు మొత్తంలో ఇలాంటి నరాలు చూడలేదు. కళ్ళు మూసుకుని పెట్టినా తగుల్తుంది," అంది.

అంతకుముందు ఆ పిల్లను ఎవరూ దేనికీ మెచ్చుకున్న పాపాన పోలేదు. చదువు అంతంతమాత్రం, మాట నెమ్మది, నలుగురిలో ఉంటే ఉన్నట్టే తెలియదు. అలాంటిది గదిలోవాళ్ళంతా మూగి తన చెయ్యి తడిమి చూస్తుంటే మునగచెట్టెక్కి కూర్చుంది. "నొప్పిగా ఉంటుందా?" అని ఒకమ్మాయి భయంగా అడిగితే, "చీమ కుట్టినట్టుంటుంది, అంతే," అని ధైర్యం చెప్పింది.

ఇక ఆ రోజు నుంచీ అదే వరస. "కొళాయీ, ఒక్కసారి చెయ్యి చాపవే, నీదైతే నాకు వణుకు రాదు." "కొళాయీ, నా జతకి దొరకట్లేదే, నీ దగ్గర ఒకటి తీసుకుంటా." కాదనడం ఆ పిల్లకు చేతకాదు. బొద్దు మంచిదే, కానీ దాని అవసరం దానిది. "ముందు నేను తీసుకుంటానే, తర్వాత నువ్వు," అనేది. ఆ తర్వాత వచ్చేసరికి క్లాసు అయిపోయేది, లేదంటే కొళాయి దూది అదిమిపట్టి చెయ్యి మడుచుకుని కూర్చుని ఉండేది. అలా కూర్చున్న మనిషి సిరంజి ఎలా పడుతుంది? అసలు పట్టలేదని కాదు. పట్టింది. బొద్దు చేతిలో అటూ ఇటూ వెతికి, దొరక్క, అది కళ్ళనీళ్ళు పెట్టుకునేసరికి తనే మానేసింది. తన జాలి తనకే ఎసరు పెడుతుందని ఆ పిల్లకేం తెలుసు.

ఇందులో విచిత్రమేమిటంటే, సూది గురించి కొళాయికి తెలిసినంత ఆ గదిలో ఇంకెవరికీ తెలియదు. స్పిరిట్ ఆరకముందే పెట్టి మంట పుట్టించిందెవరో, బొటనవేలితో చర్మం లాగిపట్టకుండా పెట్టిందెవరో, పట్టీ విప్పకుండానే సూది బయటికి లాగబోతున్నదెవరో కళ్ళు మూసుకుని చెప్పేది. "ఇంకొంచెం వాల్చు," అనేది. "లోతుకి పోయావ్, కాస్త వెనక్కి తియ్యి," అనేది. వాళ్ళు అలాగే చేసేవాళ్ళు, ట్యూబు నిండేది, సిస్టర్ శభాష్ అని వాళ్ళ భుజం తట్టేది. అంతా చేతికి తెలుసు. వేళ్ళకు మాత్రం ఏమీ తెలియదు.

ఇంట్లో ఉండేది అమ్మా తనూ. అమ్మ ఒక హోటలు వెనక లాండ్రీలో దుప్పట్లు ఇస్త్రీ చేస్తుంది. రోజంతా ఆవిరిలో ఉడికి వస్తుంది. చేతుల నిండా కాలిన మచ్చలు. ఈమధ్య కుడి భుజం పైకి లేవడం మానేసింది, తల కూడా కూతురే దువ్వాలి. వీధి మలుపులో క్లినిక్కు నడిపే డాక్టరమ్మ, ఈ బ్యాచ్‌లో పాసైన ఒకమ్మాయిని పంపితే పనిలో పెట్టుకుంటానని సిస్టర్‌తో అంది. "అది నీకే అనుకో. పాసవ్వు చాలు," అని సిస్టర్ కొళాయి చెవిలో వేసింది. ఆ పని దొరికితే అమ్మను ఆ ఆవిరిగదిలోంచి బయటికి లాగేయాలని ఆ పిల్ల పంతం పట్టింది. అమ్మ పైకి "చూద్దాంలే" అని ఊరుకుంది గానీ లాండ్రీలో ఒక్కరినీ వదలకుండా అందరికీ చెప్పుకుంది.

ఒక సాయంత్రం అమ్మ కూతురి చేతులు చూసింది. మోచేతి మడతల్లో నలుపూ, పసుపూ, ఆకుపచ్చా కలగలిసి ఉన్నాయి.

"ఏంటే ఇవి? ఎవరైనా కొట్టారా?"

"కాదమ్మా. నా నరాలు చాలా మంచివట. అందరూ నా దగ్గరే నేర్చుకుంటున్నారు."

"మంచివైతే దాచుకోవాలి గానీ ఇలా అందరికీ పంచిపెడతారా?"

"సిస్టర్ అడిగితే కాదని ఎలా అంటాను?"

అమ్మ కాసేపు ఆ చెయ్యి అలాగే పట్టుకుంది. "సరే, వాళ్ళు నీ దగ్గర నేర్చుకుంటున్నారు. నువ్వెవరి దగ్గర నేర్చుకుంటున్నావ్?" అంది.

కొళాయి లేచింది. "నేర్చుకుంటాలేమ్మా," అని కంచాలు తీసుకుని పెరట్లోకి వెళ్ళింది.

పరీక్షరోజు రానే వచ్చింది. పరీక్ష చేయడానికి బయటి నుంచి ఒక పెద్ద డాక్టరు వచ్చాడు. ఆయన కళ్ళు ఫోను మీద, చెవులు ఇంకెక్కడో. ఎవరి చేతిలోంచి తీశారన్నది ఆయనకు పట్టదు, ట్యూబులో రక్తం పడిందా లేదా, అంతే. మొదటి పిల్ల లోపలికి వెళ్తూ వెళ్తూ కొళాయి చెయ్యి పట్టుకుని తనతో లాక్కుపోయింది. అది చూసి రెండోది అడిగింది. మూడోది ఏడ్చింది. సిస్టర్ తలుపు దగ్గర నిలబడి కొళాయిని పక్కకు పిలిచింది.

"ఒక్క ఇవాళకే తల్లీ. బ్యాచంతా పాసైతే యజమాని కొత్త రబ్బరు చెయ్యి కొంటానన్నాడు. నువ్వు చివర్న తీద్దువుగాని, నీకేం తొందర?"

కొళాయి తలూపింది. తలూపడం తప్ప ఆ పిల్లకు ఇంకేం వచ్చు గనుక. ఎడమచెయ్యి అయ్యాక కుడిచెయ్యి చాపింది. మడతలు అయిపోయాక ముంజేతులు చాపింది. ఒక దశలో ఆ డాక్టరు కూడా తలెత్తి, "మళ్ళీ ఈ చెయ్యేనా?" అని నవ్వాడు. అందరూ నవ్వారు, కొళాయి కూడా నవ్వింది. బొద్దు వంతు వచ్చినప్పుడు "లోతుకి పోయావే, వెనక్కి తియ్యి," అని గుసగుసగా చెప్పింది కూడా. బొద్దు ట్యూబు నిండింది.

చివరికి తన వంతు వచ్చింది. అప్పటికి రెండు చేతులూ వాచి, ప్లాస్టర్లతో నిండిపోయి, మోచెయ్యి పూర్తిగా మడవడం లేదు. కుడిచేతి వేళ్ళు తిమ్మిరెక్కి తనవి కానట్టున్నాయి. ఎవరి చెయ్యి దొరుకుతుందా అని చుట్టూ చూసింది. పాసైపోయిన పిల్లలు వరండాలో కబుర్లలో ఉన్నారు. "నాకు సూదంటే కళ్ళు తిరుగుతాయే, నీకు తెలుసుగా," అంది ఒకతి. ఇంకొకతికి అర్జెంటుగా ఫోనొచ్చింది. ఆఖరికి బొద్దే సిగ్గుపడుతూ వచ్చి కుర్చీలో కూర్చుంది. పాపం, దాని వంతు అది చేసింది.

పట్టీ కట్టింది. తడిమింది. తిమ్మిరెక్కిన వేళ్ళకు ఏదీ అందలేదు. నరమంటే కంటికి కనిపించేదని ఇన్నాళ్ళూ ఆ గది నేర్పింది, ఇక్కడేమో కంటికి ఏమీ ఆనడం లేదు. సూది పెట్టింది. ట్యూబు ఖాళీగానే ఉంది. వెనక్కి తీసి మళ్ళీ తోసింది. బొద్దు పెదవి కొరుక్కుంది. రెండోచోట పెట్టేటప్పుడు సూది పక్కకు జారింది. బొద్దు "అమ్మా" అంది.

"చాలమ్మా, చాలు," అన్నాడు డాక్టరు. "ఇన్నాళ్ళూ ఇక్కడ ఏం నేర్చుకున్నావ్ నువ్వు?"

సిస్టర్ కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. కొళాయికి ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. కానీ ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు.

బ్యాచ్‌లో ఫెయిలైంది తనొక్కతే. క్లినిక్కులో పని బొద్దుకు వచ్చింది. బొద్దు ఇంటికొచ్చి, "నీ వల్లే పాసయ్యానే," అని చేతులు పట్టుకుని ఏడ్చింది. పట్టుకున్నది వాచిన చేతులని దానికి గుర్తులేదు.

అమ్మ వేణ్ణీళ్ళలో గుడ్డ ముంచి కాపడం పెట్టింది. "వాళ్ళ పరీక్షకి నువ్వు సామానువయ్యావే," అంది చివరికి. ఆ తర్వాత లేచి, లాండ్రీకి వేసుకెళ్ళే చెప్పులు వెతుక్కుంది. భుజం లేవకపోయినా పనికి వెళ్ళక తప్పదు.

కొన్నాళ్ళకు సిస్టర్ కబురు పెట్టింది. "కొత్త బ్యాచ్ మొదలవుతోంది, వచ్చి కూర్చో. ఫీజు వద్దులే. మళ్ళీ పరీక్ష రాద్దువుగాని. నువ్వుంటే కొత్త పిల్లలకి భయం పోతుంది." ఇంత మంచిమాటలో విషం ఎక్కడుందో వెతికి పట్టుకోవడానికి కొళాయికి ఎంతోసేపు పట్టలేదు. అయినా వెళ్ళింది. పాసైన కాగితం లేకుండా ఏ క్లినిక్కూ లోపలికి రానివ్వదు, అమ్మ భుజం ఆగదు. వెళ్ళేముందు అమ్మ పాత దుప్పటిలో మంచి ముక్క చూసి పొడుగు చేతుల చొక్కా కుట్టించింది. "ఇవి పైకి మడిచావంటే ఊరుకోను," అంది.

గది మారలేదు. కొత్త రబ్బరు చెయ్యి రాలేదు. పాతదే బీరువాలో పడి ఉంది. కొత్త పిల్లలు గోడవారగా బిక్కుబిక్కుమంటూ కూర్చున్నారు. కొళాయి పక్కన ఒక సన్నటి పిల్ల సర్దుకుని కూర్చుంది. పొట్టి చేతుల చొక్కా. బల్ల మీద చెయ్యి పెట్టేసరికి మోచేతి మడతలో నీలంగా, లావుగా, తన చేతిలో ఒకప్పుడు ఎలా ఉండేదో అలాగే, నరం తేలి కనిపించింది. ఆ పిల్లకు ఆ సంగతే తెలియదు. సిస్టర్ ఇంకా చూడలేదు.

కొళాయి నోటి చివర మాట సిద్ధంగా ఉంది. రేపట్నుంచి పొడుగు చేతులవి వేసుకురా అని చెబితే సరిపోయేది. ఆ ఒక్క మాట తనకు ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బావుండేదో ఇన్నాళ్ళూ అనుకుంటూనే ఉంది.

"ఏదీ, మన కొళాయి వచ్చిందా?" అంటూ సిస్టర్ ట్రేతో లోపలికి వచ్చింది. "ఇదేంటే ఈ చొక్కా, ఇంత ఉక్కలో? చేతులు పైకి మడువు, వీళ్ళకి చూపిద్దాం."

అందరి కళ్ళూ కొళాయి మీదికి తిరిగాయి. కొళాయి చేతులు వెనక్కి లాక్కుంది. తర్వాత మెల్లగా పక్కనున్న పిల్ల మణికట్టు పట్టుకుని పైకెత్తింది.

"సిస్టర్, ఈ అమ్మాయి నరాలు చూడండి. నాకన్నా మంచివి."

సిస్టర్ కళ్ళజోడు సర్దుకుని వంగి చూసింది, "అబ్బా" అంది. పిల్లలంతా చుట్టూ మూగారు. ఆ సన్నటి పిల్ల మొహం వెలిగిపోయింది. జీవితంలో మొదటిసారి ఎవరో తనను మెచ్చుకున్నట్టు అందరి వంకా చూసి నవ్వింది.

కొళాయి ట్రేలోంచి సిరంజి తీసుకుంది. "ముందు నేను తీసుకుంటాను సిస్టర్," అంది. పట్టీ బిగించింది.

"నొప్పిగా ఉంటుందా అక్కా?" అంది ఆ పిల్ల.

"చీమ కుట్టినట్టుంటుంది, అంతే," అంది కొళాయి, ఆ పిల్ల కళ్ళలోకి చూడకుండా.