సమురాయ్‌కి ఢావ్లో

పూజకు ఫారెస్టు బీట్ ఆఫీసరు కొలువు వచ్చిందని కొత్తగూడ దగ్గరి ఆ తండా అంతా సంబరపడుతుంటే, ఆమె నాయనమ్మ సుక్కి మాత్రం జపాను దేశంలో దారి తప్పి తిరుగుతోంది.

పూజ పరీక్షకు చదివిన లావు పుస్తకంలో ఒక పాఠం అది. సమురాయ్‌లనే వీరులు ఎట్లా పుట్టారు, ఎట్లా పైకొచ్చారు అని. సుక్కికి బడి చదువు లేదు. పడుచుదనంలో మొగుడు పనికని బస్సెక్కిపోయాడు. ఆ బస్సు ఏ ఊరిదో కూడా ఆమెకు తెలియలేదు, మనిషి తిరిగి రాలేదు. ఆ తర్వాతే బస్సుల నుదుటి మీది ఊళ్ల పేర్లు పట్టుకుని అక్షరాలు కూడబలుక్కుంది. అప్పటినుంచి ఎవరు ఎటు పోతున్నా అక్కడి సంగతి చదివితే తప్ప ఆమెకు ముద్ద దిగదు. పూజ పోయేది భూపాలపల్లి అడవికి. ఆ అడవి గురించి పుస్తకంలో ఏమీ లేదు. కావలి కాసేవాళ్ల గురించి ఉన్నది ఆ ఒక్క పాఠమే.

చదివినకొద్దీ చిక్కు పడింది. రాజధానిలో దొరలు పద్యాలు రాసుకుంటూ, అత్తర్లు పూసుకుంటూ కూర్చున్నారు. రైతులను పట్టుకొచ్చి సైన్యంలో నిలబెట్టే పద్ధతి మానేశారు. మరి దూరాన ఉన్న వాళ్ల భూములకు దిక్కెవరు? గుర్రం ఎక్కడం, విల్లు పట్టడం తెలిసిన పల్లెటూరి వాళ్లు. రాజవంశంలో పుట్టినా రాజధానిలో చోటు దొరకని కొడుకులు కూడా వచ్చి వాళ్లలో కలిశారు. మొదట్లో సమురాయ్ అంటే పెద్దమనిషి పక్కన కొలువు చేసేవాడే. చేనుకు కావలి, శిస్తుకు కావలి. కొన్ని తరాలు గడిచేసరికి ఆ కావలివాళ్లే చేలకు యజమానులయ్యారు. ఆ తర్వాత రాజును పేరుకు గద్దె మీద కూర్చోబెట్టి రాజ్యమే ఏలారు.

ఇంతకీ వాళ్లు నౌకర్లా, దొరలా? చేను కాచినవాళ్లా, గుంజుకున్నవాళ్లా? ఒక పేజీ చదివితే ఒకలా, ఇంకో పేజీ చదివితే ఇంకోలా అనిపించింది.

ఇది ఉబుసుపోక అడుగుతున్న ప్రశ్న కాదు. సుక్కి ఇంటికి ఉన్నది అడవి అంచున పోడు కొట్టి చేసుకున్న మక్కజొన్న చేను. సగానికి పట్టా వచ్చింది, సగానికి రాలేదు. రాని సగంలో మొక్కలు నాటాలని ఏటా వానలు పడగానే ఫారెస్టు ఖాకీ బట్టలవాళ్లు వస్తారు. సుక్కి పోయి గట్టు మీద కూర్చుంటుంది, లేవమన్నా లేవదు. ఇప్పుడు అవే ఖాకీ బట్టలను మనవరాలు ఇంట్లో ఇస్త్రీ చేసుకుంటోంది.

"పూజా, గీ జపానోళ్లు ఎవ్వల దిక్కు నిలవడ్డరే?"

"కొలువిచ్చినోళ్ల దిక్కు, దాదీ."

"మరి కన్నోళ్లు?"

"గది పుస్తకంల లేదు."

"నేను గూడ గదే ఎతికిన. కొడుకులు పోతాంటె తల్లులు ఏమన్నరో ఒక్క ముక్క రాయలే. గన్ని పేజీలు దేనికి మరి?"

పూజ నవ్వింది. "పరీక్షల గూడ అడగలే. కత్తి కంటె ముందుగాల వాళ్ల ఆయుధం ఏందని అడిగిండ్రు. విల్లు."

"అడిగినోనికి తల్లి లేదేమో," అంది సుక్కి.

పూజ తండ్రి సక్రు సంచి భుజానికెత్తుకుంటూ తల్లిని తొందరపెట్టాడు. "యాడీ, జపాను సంగతి జపానోళ్లు చూసుకుంటరు. బస్సొచ్చే యాళ్లయింది, నడువుండ్రి."

రోడ్డు మీదికి వచ్చేసరికి బస్సు రానే వచ్చింది. సాగనంపడానికి వచ్చినవాళ్లు పూజ చుట్టూ మూగారు. సుక్కి మనవరాలి మెడ చుట్టూ చేతులు వేసింది. వేయగానే ఆమె గొంతులోంచి ఢావ్లో బయటికి వచ్చేసింది.

ఢావ్లో అంటే పెళ్లయి అత్తవారింటికి పోయే పిల్ల అయినవాళ్లను ఒక్కొక్కరినే కావలించుకుని ఏడుస్తూ పాడే పాట. తండాలో ఏ పిల్లకైనా అది నేర్పేది సుక్కే. పిల్ల గొంతు పూడుకుపోతే పక్కన నిలబడి అందించేదీ ఆమే. అన్నేళ్ల అలవాటు మీద, మెడ చేతికి చిక్కగానే పాట దానంతటదే వచ్చేసింది.

పక్కింటి కమ్లీ నోరు నొక్కుకుంది. "ఓయమ్మో! పిల్ల పెండ్లి ఎప్పుడైందక్కా, మాకు చెప్పకనే?"

"పిలగాడేడి మరి?" అన్నాడు ముసలి టీక్యా, బస్సులోకి తొంగిచూస్తూ. "గీ కండక్టరా?"

"నాకిద్దరు పిల్లలు పెద్దమనిషీ, నన్నిడిసిపెట్టు," అన్నాడు కండక్టరు.

అందరూ గొల్లుమన్నారు. సక్రుకు తల కొట్టేసినట్లయింది. "యాడీ, గిదేం పని? నౌకరికి పోతాంటె గీ పాటేంది?"

సుక్కికీ తెలుసు తప్పని. కాని ఢావ్లో మొదలయ్యాక మధ్యలో మెడ విడిపించుకోకూడదని తండా రివాజు. పూజ కదలకుండా నిలబడింది. కండక్టరు కూడా ఏమనుకున్నాడో, విజిలు ఊదలేదు.

పాటలో ఒకచోట అందించే పెద్దవాళ్లు ఆగుతారు. అక్కడ పిల్ల ఒక్కతే జవాబు పాడాలి, పుట్టిల్లు చల్లగుండాలని, మళ్లీ వస్తానని. అక్కడికి రాగానే సుక్కి ఆగింది. అయితే మనసులో రోజులుగా తిరుగుతున్నదే నోట్లోకి వచ్చింది.

"రేపు మన చేనుకాడికి నిన్నే తోలిండ్రనుకో. నేను గట్టు మీద కూసుంట. నువ్వెటు నిలవడ్తవే?"

ఈసారి ఎవరూ నవ్వలేదు.

"భూపాలపల్లిల పోస్టింగైతె గీడికెందుకు తోల్తరు యాడీ?" అన్నాడు సక్రు.

"నిన్నడగలే."

నీ దిక్కే అనడం ఎంత సులువో సుక్కికి తెలుసు. ఇల్లు విడిచిపోయిన వాళ్లందరూ అలాంటి తీపిమాట ఒకటి చేతిలో పెట్టిపోయారు. మొగుడు పంట కోతలకల్లా వస్తానన్నాడు.

పూజ నాయనమ్మ భుజం మీదినుంచి మొహం ఎత్తలేదు. "తెల్వది దాదీ. నిజంగనే తెల్వది. కొలువొచ్చిన కాన్నుంచి నాకూ గదే పరేషాన్."

ఆ మాటకు కోపం రావాలో, కడుపు చల్లబడాలో సుక్కికి అర్థం కాలేదు. పోయేవాళ్లు తనతో అబద్ధం చెప్పకపోవడం ఆమెకు కొత్త. ఏం చేయాలో తోచేలోపే ఆమె చేతులు సడలిపోయాయి.

పూజ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. సుక్కి కిటికీ ఊచ పట్టుకుంది.

"తెలిసిన్నాడు ముందుగాల నాకు చెప్పు. మీ ఆఫీసుల గాదు, నాకు."

బస్సు కదిలింది. పూజ తల ఊగింది. అది సరేననడమో, బస్సు కుదుపో సుక్కికి తెలియలేదు.