‘మి’ తర్వాతి ఖాళీ

ఓడల్లో ఇంజన్ మెకానిక్‌గా పనిచేసి ఇంటికి చేరిన ఆయనకు పక్షవాతం వచ్చి తెలుగు పోయింది. కాలూ చెయ్యీ కొంత కోలుకున్నాయి గానీ, ఊహ తెలిసినప్పటి నుంచీ మాట్లాడిన భాష తుడిచిపెట్టుకుపోయింది. మిగిలింది ఓడలో తోటివాళ్ళ దగ్గర వంటబట్టిన స్పానిష్. అదీ ముక్కలు ముక్కలుగానే. వాక్యం మొదలుపెట్టేవాడు, ఏదో ఒక మాట దగ్గర ఆగిపోయేవాడు, ఆ మాట కోసం చెయ్యి గాలిలో వెతుక్కునేది. అప్పుడప్పుడూ మనుషుల్ని కూడా గుర్తుపట్టడని డాక్టరు ముందే చెప్పాడు.

లాండ్రీలో ఇస్త్రీ పని చేసే ఆయన భార్య, పక్క వీధి మేడ మీద స్పానిష్ నేర్పే టీచరు దగ్గర చేరింది.

“ఈ వయసులో నీకు చదువేంటి వదినా?” అంది అన్న దగ్గర కూర్చోవడానికి వచ్చిన ఆడపడుచు. “ఉన్న భాషలోనే మీరిద్దరూ మాట్లాడుకున్నది అంతంతమాత్రం.”

కాదనడానికేమీ లేదు. ఏడాదిలో ముప్పాతిక భాగం ఆయన సముద్రం మీదే. ఇంటికొస్తే కుళాయిలు, ఫ్యాన్లు ముందేసుకుని కూర్చునేవాడు.

టీచరు చిన్నపిల్ల. పాఠం మాత్రం విడమరచి చెప్పేది. “అన్ని మాటలూ బట్టీ పట్టలేం అక్కా. ఖాళీకి ముందేముందో, వెనకేముందో చూడండి. క్రియ చివర చూస్తే ఎవరి సంగతో తెలుస్తుంది. ‘ఎలా ఉంది’ అని చెప్పే మాట చివర ‘ఆ’ వస్తే చాలావరకు ఆడ, ‘ఓ’ వస్తే మగ. మనకున్నట్టే వాళ్ళకీ నువ్వూ మీరూ ఉన్నాయి. మిగతాది సందర్భం.”

ఇస్త్రీపెట్టె తోస్తూ ఆమె క్రియలు వల్లె వేసేది. “జపం ఎందాకా వచ్చిందమ్మా?” అని బట్టలు మడతపెట్టే ఆవిడ నవ్వేది.

ఒక సాయంత్రం ఆయన “కియెరో... ఫ్రీయా” అని మధ్యలో చిక్కుకున్నాడు. కావాలి, చల్లగా, ఆడమాట. “ఆగ్వా?” అంది ఆమె. ఆయన ముఖం విచ్చుకుంది. గ్లాసెడు నీళ్ళూ తాగి “గ్రాసియాస్” అన్నాడు. ఆ పూటంతా ఆమె కాళ్ళు నేల మీద నిలవలేదు. తర్వాత దుప్పటి దొరికింది, కిటికీ దొరికింది, కళ్ళజోడు దొరికింది.

ఆ తర్వాత “దోందే ఎస్తా మి...” మొదలైంది. నా ఏదో ఎక్కడుంది? ‘మి’ తర్వాత ఆడమాటైనా రావచ్చు, మగమాటైనా రావచ్చు. ఆమె రేడియో చూపించింది, చేతికర్ర చూపించింది. కాదన్నాడు. దిగులుగా, “ఎస్తా ఎన్‌ఫెర్మా?” అన్నాడు.

ఒంట్లో బాగాలేదా అంటున్నాడు. చివర ‘ఆ’ ఉంది. వస్తువులకు జబ్బు చెయ్యదు కదా.

“మాద్రె?” అమ్మ కాదు. “ఎర్మానా?” చెల్లెలూ కాదు.

“ఎస్పోసా?” అంది ఆమె, గొంతు తగ్గించి. భార్యా, అని.

“సీ, సీ.” అవునంటూ ఆయన ఆత్రంగా ముందుకు వంగాడు. “ఉస్తెద్ లా కొనోసె?”

ఈసారి ఖాళీ ఎక్కడా లేదు. ఆవిడ మీకు తెలుసా, అని అడుగుతున్నాడు. ‘మీరు’ అంటున్నాడు.

ఆయన ఎరిగిన భార్యకు స్పానిష్ ఒక్క ముక్క రాదు. ఆ భాష వచ్చిన ఈమె ఎవరో పరాయి మనిషే అయ్యుండాలి.

“నేనేనండీ. చూడండి,” అంటూ ఆమె ఆయన చెయ్యి పట్టుకుంది. తెలియని భాష వింటున్న మనిషిలా ఆయన మర్యాదగా తలూపి, మెల్లగా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

“‘సోయ్ యో’ అనండక్కా. నేనే అని,” అంది మర్నాడు టీచరు. ఆమె అదీ అంది. ఆయన ఇబ్బందిగా నవ్వి, “నో, సెన్యోరా” అన్నాడు. కాదండీ, అని.

ఇక ఆమె వాదించలేదు. మీ భార్య బాగుంది, వస్తుంది అని చెబితే ఆయన నెమ్మదించి నాలుగు ముద్దలు తినేవాడు. ఆ కాసేపూ భార్య గురించే చెప్పేవాడు. మాట తప్పిపోయిన చోటల్లా ఆమే అందించేది.

ఒక మధ్యాహ్నం, “మి ఎస్పోసా ఎస్ మూయ్...” అని ఆగాడు. నా భార్య చాలా... ‘ఆ’తో ముగిసే మాటలు ఆమెకు చాలానే వచ్చు. మంచివన్నీ నాలుక చివరికి వచ్చాయి. ఏదీ అందించకుండా ఆయన వైపే చూస్తూ కూర్చుంది.

ఆయన చెయ్యి గాలిలో చాలాసేపు తిరిగింది. “కయ్యాదా,” అన్నాడు చివరికి. మాటలు తక్కువ మనిషి.

“సీ,” అంది ఆమె.