గోడ మీద గాజుల చప్పుడు

అన్నంలో రాయి తగిలింది. మా బావ నమలడం ఆపి, దాన్ని వేలితో తీసి కంచం అంచున పెట్టాడు. పోర్టులో కళాసీలకు మేస్త్రీ ఆయన. అక్కడ ఎంత అరుస్తాడో తెలియదు గానీ ఇంట్లో గొంతు పెంచడు. నెమ్మదిగా, అందరికీ వినపడేలా అంటాడు.

"కళ్ళెక్కడెట్టుకుని ఏరతన్నావే? ఆకరి రోజుల్లో మాయమ్మ ఏరిన బియ్యంలాగున్నాయ్."

నవ్వి ఊరుకున్నాను గానీ ఆ మాట రోజంతా నా వెనకే తిరిగింది. మాది మేనరికం, కట్టుకున్నాక కూడా ఆయన నాకు బావే. మా అత్తగారు జోగమ్మ మా నాన్నకు సొంత అక్క. పెళ్ళికి ముందూ అత్తే, తర్వాతా అత్తే. ఆఖరి రోజుల్లో ఆవిడ దీపాలు పెట్టే వేళకి వంటగదిలోంచి పెరట్లోకి గోడ పట్టుకుని నడిచేది. తలకు రాసుకున్న ఆముదం, చేతి చెమటా కలిసి నడుమెత్తున గోడ పొడుగునా ఒక జిడ్డు చార పడింది. మట్టిగాజులు సున్నానికి గీసుకుని గరగరమనేవి. "అదిగో, రైలొత్తంది" అని నవ్వేవాళ్ళు. చాదస్తమన్నారు. గాలి సోకిందన్నారు. ఒక సాయంత్రం గోడ అయిపోయిన చోట, పెరటి మెట్టు మీంచి పడింది. మళ్ళీ లేవలేదు. ఏటా సున్నం వేస్తూనే ఉన్నాం. వానలు పట్టగానే ఆ చార మళ్ళీ పైకి తేలుతుంది.

అన్నంలో రాయి తగిలిన ఆ వేసవిలోనే మా అమ్మాయి నూకరత్నం ఇంటర్ పాసైంది. మద్రాసులో ఏదో కంటి ఆస్పత్రి వాళ్ళు కళ్ళు పరీక్ష చేసే చదువు చెబుతారట, దానికి ముందు ఒక పరీక్ష రాయాలట. కాలేజీలో మేడమ్ చెప్పిందని గెంతుతూ వచ్చింది. ఆ చదువు పేరు నాకు నోరు తిరగలేదు.

"ఆప్తమిత్రి కాదే అమ్మా, ఆప్టోమెట్రీ!"

"నాకు ఆప్తమిత్రే బాగుంది" అన్నాను. అప్పట్నించి అదీ అలాగే అనేది.

మా బావ మాత్రం బీడీ ముట్టించుకుని నవ్వాడు. "కళ్ళజోళ్ళ కొట్టెడతావేటే రత్నం? మీ మావయ్య కొడుకు పోలిరాజు స్టీల్ ప్లాంటు పనిలో కుదురుకున్నాడు. కళ్ళెదురుగున్న సంబంధం నీకు అగుపళ్ళేదు గానీ, ఊళ్ళోవాళ్ళ కళ్ళు సూత్తావా?"

వచ్చే నెల మా అన్నయ్య, పోలిరాజు తండ్రి చలమయ్య, మాట ఖాయం చేసుకోవడానికి వస్తానని కబురు పెట్టాడు. పరీక్ష ఆ తర్వాత. మాట ఖాయమైతే ఇక పరీక్ష లేదు, అది పిల్లకీ తెలుసు, నాకూ తెలుసు.

ట్యూషన్ అనే మాటే లేదు. పాత పుస్తకాలు ఎవరెవరి దగ్గరో అడిగి తెచ్చుకుని, తనే ఒక ఏర్పాటు చేసుకుంది. తెల్లారకముందు లేచి, హార్బర్ నుంచి చేపల గంపలతో ఆడవాళ్ళు మా వీధిలో కేకేసే దాకా ఫిజిక్స్. అద్దాలు, వెలుతురు, అది వంగడం. కుళాయి వచ్చాక నీళ్ళు. నాన్న డ్యూటీకి వెళ్ళాక జీవశాస్త్రం. సందకాడ ఇంగ్లీషు. నీళ్ళు నేను పడతానన్నాను. రుబ్బు నేను రుబ్బుతానన్నాను. పోర్టు నుంచి లేచే ఎర్రదుమ్ము ఆరేసిన బట్టల మీద పడితే మళ్ళీ జాడించడం, ఆయన యూనిఫాం, అంట్లు, అన్నీ నావే అన్నాను. ఎప్పుడూ నావే గనక ఎవరూ గమనించలేదు. ఆ పనుల మధ్య భయపడడం కూడా నాదే. మద్రాసు రైలు పట్టాలు తప్పుతుందేమో. హాస్టల్లో జ్వరమొస్తే గంజి ఎవరు కాస్తారు? పరీక్ష తప్పితే ఈ ఇంట్లో దానికి మళ్ళీ నోరు లేస్తుందా?

ఒక సాయంత్రం అది పుస్తకంలోంచి తలెత్తింది.

"అమ్మా, నాన్నమ్మ గాజులు ఇనపడతన్నాయే."

పిల్ల చదువుకి అడ్డం పడ్డానికే అత్త వచ్చిందనుకున్నాను. గుమ్మానికి వేపమండ కట్టాను, పిల్లకి దిష్టి తీశాను. మర్నాడు సందకాడ ఉప్పు డబ్బా కోసం నడుస్తుంటే నా చెవులకే వినపడింది, గరగర. ఆగాను. అదీ ఆగింది. నడిచాను. అదీ నడిచింది. చెయ్యి తీసి చూసుకుంటే అరచేతి నిండా సున్నం. అత్త చార మీదే నా చెయ్యి నడుస్తోంది.

సందకాడ కళ్ళు మసకేస్తే పొయ్యి పొగ అనుకున్నాను ఇన్నాళ్ళూ. దుమ్ము అనుకున్నాను. ఆ రోజు నుంచి గాజులు ముంజేతి పైకి తోసి కొంగుతో బిగించాను, చప్పుడు కాకుండా. సందకాడ పిల్లని ఏదో వంకతో పెరట్లోకి పంపి చెవులు రిక్కించేదాన్ని, దాని గాజులు గోడకి తగులుతాయేమోనని. తగల్లేదు. చెప్పులు టపటపలాడించుకుంటూ మెట్టు దిగి పోయేది. అప్పుడు ఊపిరి తీసుకునేదాన్ని.

పిల్లకి మాత్రం చెప్పకూడదనుకున్నాను. చెబితే మద్రాసు మానేస్తుంది. కానీ అది పాత క్యాలెండర్ కాగితం వెనక అక్షరాలు రాసి, పెద్దవి పైన, చిన్నవి కింద, గోడకి తగిలించింది. నన్ను ఎదురుగా కూర్చోబెట్టి చదవమనేది. అది రోజూ పైకి చదువుకుంటూ ఉంటే నాకు వరసంతా నోటికి వచ్చేసింది. అడిగినప్పుడల్లా గడగడా అప్పజెప్పేదాన్ని. ఒక సందకాడ అలాగే ఆఖరి వరస దాకా చదివేశాను. కాగితం గోడ మీంచి లాగిన చప్పుడైంది.

"ఏటే, తప్పా?"

"తప్పు నేదే అమ్మా. కాయితం తిరగేసినాను. నువ్వు సదివింది లచ్చిందేవి బొమ్మని."

నవ్వు రావాల్సిన మాట. ఇద్దరం నవ్వలేదు. రేచీకటి అంటారట. కంటి వెనక పొర మెల్లమెల్లగా చచ్చిపోతుందట. దగ్గర సంబంధాలు చేసుకున్న ఇళ్ళల్లో ఎక్కువగా వస్తుందని పుస్తకంలో ఉందట. చదువుతూ చదువుతూ పుస్తకం మూసేసింది.

"నాను మద్రాసెల్లను. నిన్నిలాగొగ్గేసి ఎల్లను."

"నీ పరీచ్చకి నువ్వు సదువుకో" అన్నాను. "నా సీకటికి నాను సదువుకుంతాను."

ఆ మర్నాటి నుంచి పగలే, మంచి వెలుతురులో, కళ్ళు మూసుకుని ఇల్లు నేర్చుకోవడం మొదలుపెట్టాను. గోడ పట్టుకుని కాదు. గోడ అయిపోయిన చోటి నుంచి.

ఆదివారం పొద్దు వాలాక అన్నయ్య వచ్చాడు. పెరట్లో మంచాలేసుకుని మా బావా, ఆయనా కూర్చున్నారు. వంటింటి గుమ్మం వెనకాల రత్నం గోళ్ళు కొరుకుతోంది. "మరింకేటి బావా, తాంబూలాలు మార్సుకుందాం" అంటున్నాడు అన్నయ్య. "కాఫీ తేవే, ఎంతసేపు?" అన్నాడు మా బావ.

కొంగు విప్పి గాజుల్ని మణికట్టు మీదకి జారవిడిచాను. ఒక చేత్తో గ్లాసుల పళ్ళెం, రెండో చెయ్యి అత్త చార మీద. కావాలనే గట్టిగా ఒత్తి నడిచాను. గోడంతా గరగరమని మోగింది. పెరట్లో మాటలు ఆగిపోయాయి.

"అమ్మా?" అన్నాడు మా బావ. పసిపిల్లాడి గొంతు. ఆ గొంతు ఆయనలో ఉందని నాకు తెలియదు.

"అత్త కాదు బావా, నానే. సందకాడైతే నాకు కళ్ళు అగుపడవు. అత్తకీ అగుపళ్ళేదు. సాదస్తం కాదు, గాలీ కాదు, మన రగతంలో ఉందంట. అన్నయ్యా, పోలిరాజుకి బయటి పిల్లని సూడు."

"నెమ్మదిగానే! ఎవులి సెవినైనా పడితే పిల్లకింక సంబంధాలొత్తాయా?" అన్నాడు అన్నయ్య.

మా బావ గోడ వైపే తిరిగి ఉన్నట్టున్నాడు. గొంతు అటు నుంచే వచ్చింది, "మరి పిల్ల ఎల్లిపోతే, గుడ్డిదానివి, ఇంటి పనెవులు సేత్తారే?"

అన్నేళ్ళ కాపరంలో ఆయన నా గురించి పడ్డ మొదటి బెంగ అది. గోడ అయిపోయింది. చెయ్యి తీసేశాను. అత్త పడిపోయిన మెట్టు పాదం కిందకి వచ్చింది. దిగాను. కాఫీ ఒక్క చుక్క ఒలకలేదు. పళ్ళెం ఇద్దరి మధ్యా పెట్టి, వంటింటి వైపు తిరిగి కేకేశాను.

"రత్నం, ఆప్తమిత్రి టైమైందే. దీపం నీ కాడెట్టుకో, నాకక్కర్నేదు."