జవాబు వచ్చాకే

మిరపకాయకి ఆ పేరు పెట్టింది వాళ్ళ నాన్నే. పుట్టినప్పుడు ఎర్రగా ఉందని ముద్దుకి పెట్టాడు. పదిహేనేళ్ళు వచ్చేసరికి పిల్ల పేరుకి తగ్గట్టే తయారైంది. కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. ఈమధ్య ఆ కోపమంతా ఒక్క మనిషి మీదే, వాళ్ళమ్మ మీద.

కారణం వింటే మీకు నవ్వొస్తుంది. మిరపకాయ ముందు మాత్రం నవ్వకండి. మొటిమలు, మోచేతులు, గొంతు, ఒంట్లో ఏదీ తన మాట వినని వయసు ఆ పిల్లది. సరిగ్గా అప్పుడే నలభై దాటిన వాళ్ళమ్మ తాను కడుపుతో ఉన్నానని చెప్పింది. సిగ్గుపడుతూ, నవ్వుతూ చెప్పింది. ఆ నవ్వు చూసి పిల్లకి ఒళ్ళు మండింది.

ఆ మంటకి రెండో అంతస్తులో ఉండే రేడియో అత్త ఆజ్యం పోసింది. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు కాబట్టి బిల్డింగ్ అంతా ఆవిణ్ణి అలాగే పిలుస్తారు. "ఏమే, పుట్టేవాళ్ళు నిన్ను అక్కా అనాలా, పిన్నీ అనాలా?" అని మెట్ల దగ్గర నలుగురిలో అడిగింది. నలుగురూ నవ్వారు. మిరపకాయకి తల కొట్టేసినట్టయింది. అత్త మీద కోపం దుత్త మీద చూపించినట్టు, ఆ రోజు నుంచి అమ్మతో మాట్లాడటం మానేసింది.

మానేయడమంటే అలా ఇలా కాదు. అమ్మ ఎదురుగా కూర్చుని ఉండగానే, "నాన్నా, ఉప్పు ఎక్కువైందని చెప్పు," అనేది. ఆయన తల పట్టుకునేవాడు. "నేను లిఫ్టు మెకానిక్‌ని తల్లీ, టెలిఫోన్ తీగని కాదు." అమ్మ మాత్రం రోజూ ఏదో ఒకటి అడిగేది, కాసేపు ఆగేది, జవాబు రాకపోతే తన పనిలో పడిపోయేది. నెలలు గడిచాయి. అమ్మతో కలిసి లిఫ్టెక్కితే గేటు దగ్గర ఇద్దరూ కలిసి కనిపిస్తారని, మిరపకాయ మూడో అంతస్తు నుంచి మెట్ల మీదే దిగేది. దిగేముందు లిఫ్టు బయటి తలుపుని ఒక్క తన్ను తన్నేది.

ఆ తన్ను గురించి నాన్న ఎన్నిసార్లు చెప్పాడో! "ఆ తలుపుకి లోపల తాళముంటుంది. అది అదిరిందంటే తలుపు తెరుచుకుందనుకుని లిఫ్టు ఉన్నచోటే ఆగిపోతుంది. అసలే అది అరిగిపోయి ఉంది. లిఫ్టువాడి కూతురివి, నీకు వేరే చెప్పాలా?" మరి అరిగిందని తెలిసీ ఎందుకు మార్చలేదంటే, దీపం కిందే చీకటి. ఊళ్ళో లిఫ్టులన్నీ అయ్యాక గానీ ఆయనకి సొంత బిల్డింగ్ గుర్తుకురాదు.

ఆ మధ్యాహ్నం బడి లేదు. నాన్న ఊరికి ఆ చివర పనిలో ఉన్నాడు. పొద్దుటి నుంచీ నడుం పట్టుకుని తిరుగుతున్న అమ్మ ఉన్నట్టుండి టాక్సీ పిలిచి, సంచీ సర్దుకుంది. డాక్టరు చెప్పిన రోజు ఇంకా దూరంగానే ఉంది.

"నాకెందుకో తేడాగా ఉంది. నువ్వూ వస్తావా?" అని అడిగింది.

మిరపకాయ పలకలేదు. సంచీ తెచ్చి లిఫ్టులో పడేసి, పక్కకి తప్పుకుంది. అమ్మ ఒక్కక్షణం చూసి తలుపు వేసుకుంది. లిఫ్టు కదిలింది. ఆ చూపు గుచ్చుకుందో ఏమో, పిల్ల అలవాటు కన్నా గట్టిగా తన్నింది.

లోపల ఏదో టక్కుమంది. గుయ్యిమనే చప్పుడు ఆగిపోయింది. కింద చీకట్లోంచి "అమ్మా!" అన్న కేక వినిపించింది. భయపడి వేసిన కేక కాదు, నొప్పి తట్టుకోలేక వేసిన కేక. మిరపకాయ పైప్రాణాలు పైనే పోయాయి.

ఫోన్లో నాన్న సంగతంతా విని తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "రెక్కలు కట్టుకుని వచ్చినా నాకు గంట పడుతుంది. మేకుకున్న మిషను గది తాళాలు తీసుకుని డాబా మీదకి పో. సెలవుల్లో నాతో కలిసి చక్రం తిప్పి లిఫ్టుని చేత్తో కదిపావు కదా, అదే పని. బ్రేకు పట్టుకోడానికి ఇంకో మనిషి కావాలి. ఎవరున్నారు?"

కేక విని అప్పటికే మెట్లెక్కి వస్తున్నది ఇంకెవరు, రేడియో అత్తే. మిరపకాయ ఆవిడ చెయ్యి పట్టుకుని పైకి లాక్కుపోయింది.

మిషను గదిలో గ్రీజు వాసన. పెద్ద మోటారు, దాని పక్కన ఇనప చక్రం. నేలలో కంతల్లోంచి ఉక్కు తాళ్ళు కిందికి దిగిపోతున్నాయి. మిరపకాయ ఫోను స్పీకర్లో పెట్టి పక్కన ఉంచి, మెయిన్ స్విచ్ కట్టేసి, మోకాళ్ళ మీద కూర్చుని ఒక కంతలోంచి చూసింది. అడుగు కనపడని చీకటి. ఆ తాళ్ళ చివర అమ్మ ఉంది.

"కరెంటు తీశాను నాన్నా."

"మంచిది. తర్వాతేంటి?"

తర్వాతేంటో ఆమెకి తెలుసు. చిన్నప్పుడే నేర్పాడు. లోపలున్నది సామాను కాదు, మనిషి. చెప్పకుండా కదిపితే పడిపోతున్నామని హడలిపోతారు. ముందు మాట, జవాబు వచ్చాకే చెయ్యి. లోపలివాళ్ళు సరే అననిదే ఆయన ఏనాడూ చక్రం ముట్టుకోలేదు.

మిరపకాయ కంత దగ్గర నోరు పెట్టింది. ఇన్ని నెలలు బిగబట్టిన గొంతు ఇప్పుడు కావాలన్నా తెరుచుకోవడం లేదు. వెనక నుంచి రేడియో అత్త మెల్లగా, "పిలువు తల్లీ," అంది.

"అమ్మా!"

కింద నుంచి ఆయాసంతో ఒక గొంతు. "ఎవరది?"

"నేను."

"నేనంటే?"

పిల్లకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అమ్మా అన్న ఆ పిలుపు సొంత తల్లికే కొత్తయ్యేలా చేసింది తనే. "నీ కూతుర్ని అమ్మా. లిఫ్టు పైకి తిప్పుతున్నాను. కుదుపుతుంది, భయపడకు. సరేనా?"

కింద ఏ చప్పుడూ లేదు. జవాబు కోసం ఆగడమంటే ఏమిటో మిరపకాయకి అప్పుడు తెలిసింది. అమ్మ రోజూ ఇలాగే ఆగేది.

"సరే," అంది అమ్మ. "తిప్పు."

అత్త బ్రేకు మీట లాగి పట్టుకుంది. మిరపకాయ పళ్ళు బిగించి, ఒంట్లో ఉన్న బలమంతా కూడదీసుకుని చక్రం మీద చేతులు వేసింది. చక్రం తనంతట తనే కదిలింది!

"తేలిగ్గా ఉంది నాన్నా!"

"ఉంటుంది మరి. తాళ్ళకి అవతలి కొసన బరువు దిమ్మ వేలాడుతోంది కదా. లోపల ఒక్క మనిషే ఉంటే దిమ్మే బరువు. నువ్వు ఎత్తక్కర్లేదు. పరుగెత్తకుండా పట్టుకో చాలు."

చక్రం తిరుగుతోంది. కింద అమ్మ కదిలినప్పుడల్లా తాళ్ళ మీదుగా సన్నని వణుకు అరచేతుల్లోకి వస్తోంది. చీకట్లో, ఎవరికీ కనపడకుండా, ఒక మనిషిలో ఇంకో మనిషి పైకి వస్తున్నారు. తను కూడా ఒకప్పుడు ఇలాగే, ఏమీ తెలియకుండా, అమ్మ మోస్తే వచ్చింది. ఇందులో సిగ్గుపడటానికేముందని ఇన్నాళ్ళు సిగ్గుపడింది? ఇంత పెద్ద సంగతి ఇంట్లోనే జరుగుతుంటే తను ఉప్పు ఎక్కువైందని కబుర్లు పంపింది.

"ఒక్క మనిషి కాదు నాన్నా," అంది. "ఇద్దరున్నారు."

ఫోన్లో ఆయన ముక్కు ఎగబీల్చిన చప్పుడు వినిపించింది.

తాళ్ళ మీది పసుపు గీత మోటారు కింది గట్టు మీది గీతకి ఎదురుగా వచ్చింది. లిఫ్టు మూడో అంతస్తుకి వచ్చిందని గుర్తు. అత్త మీట వదిలేసి చేతులు చూసుకుంది. అరచేతులు కందిపోయాయి. ఆవిడ అంతసేపు ఒక్కమాటైనా మాట్లాడకపోవడం ఆ బిల్డింగ్ చరిత్రలోనే మొదటిసారి.

తలుపు తీసేసరికి అమ్మ నేల మీద, గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. మిరపకాయ ఆమె చేతిని తన మెడ చుట్టూ వేసుకుని లేపింది. ఇక లిఫ్టుని నమ్మే పని లేదు. మెట్లే. సంచీ పట్టుకుని రేడియో అత్త ముందు నడిచింది. "జరగండి! ఏం చూస్తారు, ఎప్పుడూ చూళ్ళేదా?"

ప్రతి గుమ్మంలోనూ జనం నిలబడి చూస్తున్నారు. మిరపకాయ ఎవరినీ చూడలేదు. నొప్పి వచ్చినప్పుడల్లా ఇద్దరూ ఆగుతున్నారు, తగ్గాక దిగుతున్నారు.

"నేనే తన్నానమ్మా తలుపుని," అంది రెండో అంతస్తు దగ్గర.

"విన్నాను," అంది అమ్మ. "లిఫ్టువాడి పెళ్ళాన్ని, ఆ చప్పుడు తెలీదా?" అని, పిల్ల భుజాన్ని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

పొద్దుగూకేలోగా ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. కాస్త తొందరపడి వచ్చినా బాగానే ఉందన్నారు. నాన్న చేతుల గ్రీజు కడుక్కోవడానికి వెళ్ళాడు. నర్సమ్మ బట్టలో చుట్టిన పాపని తెచ్చి, "ఇదిగో అక్కా, పట్టుకో," అంటూ మిరపకాయకి అందించబోయింది.

మిరపకాయ చేతులు చాపబోయి ఆపేసింది. పాప ఎర్రగా ఉంది, కళ్ళు మూసుకుని ఉంది. ఇంతకుముందు లోకంలో లేని మనిషి. పిల్ల వంగి, పాప చెవి దగ్గర నోరు పెట్టింది.

"నేను మీ అక్కని. నిన్ను ఎత్తుకుంటున్నాను. కుదుపుతుంది, భయపడకు. సరేనా?"

నర్సమ్మ నవ్వింది. మిరపకాయ నవ్వలేదు. వంగినచోటే, ఊపిరి బిగబట్టి, జవాబు కోసం ఆగింది.

పాప నోరు తెరిచి, సన్నగా ఒక్క కూత కూసింది.

"సరే అంటోందే," అంది మంచం మీద నుంచి అమ్మ. "ఎత్తుకో."