రొమ్మెత్తు కొలత

మారెన్న పురితాడును తుమ్మమాను చుట్టూ తిప్పి, కొస తాకిన చోట, ఏటికొకటి చొప్పున, ఆరో ముడి వేశాడు. రొమ్మెత్తున కొలవాలని మొదటి ఏడాది చెప్పారు. ఆ మాట ఏనాడూ తప్పలేదు. కొండవాలుకంతా ఆ చెట్టొక్కటే మచ్చు, దాని కొలతే అన్ని చెట్లకూ లెక్క.

ఆలూరు దగ్గర ఆ కొండవాలులో, చెట్ల నడుమ నాలుగెకరాల్లో అతను కొర్ర చల్లుకునేవాడు. పైదేశాల ఫ్యాక్టరీల పొగను ఈ చెట్లు మింగుతాయని, అందుకు ఆ కంపెనీలు దుడ్లిస్తాయని చెప్పి పథకంవాళ్లు వేలిముద్ర వేయించుకున్నారు. ఆనాటి నుంచి విత్తు వేయరాదు, కట్టె కొట్టరాదు, మేకను తోలరాదు. ఆరు కొలతల్లో చెట్టు లావెక్కకపోతే చేను తిరిగి ఇస్తారు. ఎక్కితే ఇంకో ముప్పై ఏళ్లు వాళ్లదే.

కరువులో కూడా ముడి ఏటేటా ముందుకే జరిగింది. మొదటి ఏడాది రొమ్మెత్తున తానే తెల్లరంగుతో వేసిన చెట్టు అంకె ఇప్పుడు నుదుటి ఎత్తుకు వచ్చింది. చెట్టు పెరిగి దాన్ని పైకి మోసుకుపోయిందనుకున్నాడు.

కళ్లు తిరిగి పక్కనున్న బండను పట్టుకున్నాడు. దాని అంచున తెల్లమరక, ఆనాడు రంగుడబ్బా పెట్టిన చోటు. అంకె ఆ మరకకు సమంగానే ఉంది, ఆనాటిలాగే. బండ పెరగదు కదా! పథకం కందకాలు తవ్వి తవ్వి ఒంగిపోయిన నడుమును తడుముకున్నాడు. రొమ్ముతో పాటే తాడూ ఏటేటా దిగింది, మాను కిందికి పోయేకొద్దీ లావు.

నీడన కూర్చున్న పథకం గుమాస్తా దావీదురాజు దగ్గరికి వెళ్లాడు.

"సార్, చెట్టు లావు కాలేదు. నేనే కిందికి దిగినా. ఆ అంకె కాడ మళ్లా కొలుస్తా."

"లెక్క నిన్ననే పంపిస్తినప్పా. పైదేశమోళ్లకు శానా సంతోషం."

"మరి ఈపొద్దు నన్నెందుకు కొలవమంటివి?"

"ఫోటోకు. పో, తాడు పట్టుకొని నిలబడు. ఆ ఏడుపు మొగం తీసెయ్!"

"నా చేను సార్?"

"ముప్పై ఏండ్లు ఎంతసేపప్పా!"

గుమాస్తా ఫోటో తీసుకుని మోటారుబండి ఎక్కి వెళ్లిపోయాడు.

మారెన్న చేతులెత్తి, తాడును అంకె మీదుగా చుట్టి బిగించి కట్టాడు. తర్వాత బండకు ఆనుకుని కూర్చున్నాడు.

మధ్యాహ్నం భార్య తిరుపతమ్మ సద్దిమూటతో వచ్చింది. "ఏమయ్యా, నిద్రపోతాండావా? సంగటి సల్లారతాంది, లెయ్." భుజం తట్టింది. మనిషి పక్కకు ఒరిగిపోయాడు.

తుమ్మమానుకు తాడు అలాగే ఉంది. కొస వచ్చి మొదటి ఏటి ముడినే తాకింది. మిగతా అయిదు ముళ్లు కిందికి వేలాడుతున్నాయి.